లారీ బరువు కాదు.. ఇరుసు బరువు చూడాలి! మంగళగిరి రోడ్లను తినేస్తున్న ఓవర్‌లోడ్ వెనక అసలు లెక్క ఇదీ

మంగళగిరి: తెల్లవారుజామున కాజ టోల్‌ప్లాజా దగ్గర ఓ పది నిమిషాలు నిలబడితే చాలు, లోడు బండ్ల వరస కనిపిస్తుంది. కంకర టిప్పర్లు, ఇసుక లారీలు, ఇబ్రహీంపట్నం థర్మల్ నుంచి వచ్చే బూడిద లారీలు, సిమెంట్ బండ్లు, స్టీల్ వేసుకొచ్చే 22 టైర్ల ట్రైలర్లు.. ఒకదాని వెనక ఒకటి. చెన్నై - కోల్‌కతా హైవే, అంటే ఎన్‌హెచ్-16 కాబట్టి ఇక్కడ హెవీ ట్రాఫిక్ కొత్తేమీ కాదు. కానీ 2025 మే 2న ప్రధాని మోదీ వెలగపూడిలో అమరావతి పనులను పునఃప్రారంభించాక లోకల్ లోడు కూడా దీనికి తోడైంది. రాజధాని పరిధిలో తుళ్లూరు, తాడేపల్లితో పాటు మంగళగిరి మండలం ఊళ్లు కూడా ఉన్నాయి. రోడ్డు వేయాలన్నా, బిల్డింగ్ లేవాలన్నా కంకర, ఇసుక, ఇనుము ఈ రోడ్ల మీదుగానే రావాలి.

మరి ఒక లారీలో ఎంత బరువు వేయొచ్చు? ఈ ప్రశ్న అడిగితే చాలామంది "పది టన్నులు", "ఇరవై టన్నులు" అని మొత్తం లెక్క చెబుతారు. చట్టం మాత్రం లెక్కను ఇరుసు దగ్గర మొదలుపెడుతుంది. రోడ్డు పాడయ్యేది కూడా ఇరుసు కిందే. ఓవర్‌లోడ్ మీద ఎన్ని స్పెషల్ డ్రైవ్‌లు పెట్టినా సమస్య ఎందుకు తీరట్లేదో తెలియాలంటే ముందు ఈ ఇరుసు లెక్క అర్థం కావాలి.

అసలేంటీ యాక్సిల్ లోడ్?

లారీ బరువు నేరుగా రోడ్డు మీద పడదు. ముందు ఇరుసు మీదకు, అక్కడి నుంచి టైర్ల మీదకు, టైర్ల కింద అరచేతులంత జాగా నుంచి రోడ్డులోకి దిగుతుంది. అందుకే కేంద్ర రవాణా శాఖ ఒక్కో రకం ఇరుసుకు ఒక్కో పరిమితి పెట్టింది. 2018 జులై 16 నోటిఫికేషన్‌తో ఈ పరిమితులు పెరిగాయి. ముఖ్యమైనవి ఇవీ:

• స్టీరింగ్ ఇరుసు, అంటే ముందు రెండు టైర్లు: 6 టన్నుల నుంచి 7 టన్నులకు
• నాలుగు టైర్లున్న ఒంటి ఇరుసు: 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు
• 8 టైర్లున్న జంట ఇరుసు: 19 టన్నుల నుంచి 21 టన్నులకు
• 12 టైర్లున్న మూడిరుసుల సెట్: 24 టన్నుల నుంచి 27 టన్నులకు

ఇప్పుడు వీటిని కూడితే ప్రతి బండి లెక్కా తేలిపోతుంది. 6 టైర్ల లారీకి ముందు 7, వెనక 11.5. మొత్తం 18.5 టన్నులు. 10 టైర్ల టిప్పర్‌కు 7, దానికి 21 కలిపితే 28 టన్నులు. 22 టైర్ల ట్రైలర్‌కు ముందు 7, గుర్రం వెనక జంట ఇరుసు మీద 21, ట్రైలర్ కింద మూడిరుసుల మీద 27. మొత్తం 55 టన్నులు. పాత లెక్కలో ఇదే ట్రైలర్‌కు 6, 19, 24 కలిపి 49 టన్నులే ఉండేది. ఈ అంకెలన్నీ ఖాళీ బండి, సరుకు కలిపిన బరువు. ఆర్సీలో జీవీడబ్ల్యూ అని రాసి ఉండేది ఈ మొత్తం బరువునే.

ఇక్కడే ఒక తిరకాసు ఉంది. మొత్తం బరువు 55 టన్నులు దాటకపోయినా బండి ఓవర్‌లోడ్ కావచ్చు. స్టీల్ కాయిల్స్ లాంటి బరువైన సరుకును ట్రైలర్‌లో ముందుకు జరిపి పెడితే గుర్రం వెనక ఇరుసుల మీద 21 కాదు, ఇంకా ఎక్కువే పడుతుంది. కొన్ని బండ్లకు లిఫ్ట్ యాక్సిల్ ఉంటుంది. అవసరం లేనప్పుడు టైర్లు అరక్కుండా పైకి ఎత్తేసే ఇరుసు అది. లోడుతో ఉన్నప్పుడు కూడా దాన్ని ఎత్తేస్తే మిగిలిన ఇరుసులు ఆ బరువంతా మోయాలి. మామూలు కాటా వేస్తే మొత్తం బరువు కరెక్ట్‌గానే చూపిస్తుంది. ఏ ఇరుసు కింద రోడ్డు నలిగిపోతోందో అది చెప్పదు.

30 శాతం ఎక్కువ లోడు.. మూడింతల డ్యామేజ్

1950ల చివర్లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ఒక పెద్ద ప్రయోగం చేశారు. కొత్తగా రోడ్లు వేసి, వేర్వేరు బరువులున్న లారీలను వాటి మీద రెండేళ్ల పాటు తిప్పి, ఏ బరువుకు రోడ్డు ఎంత పాడవుతోందో కొలిచారు. ఆ ప్రయోగం పేరు ఆషో రోడ్ టెస్ట్. దాని నుంచి వచ్చిన సూత్రం ఇప్పటికీ రోడ్ల ఇంజినీర్లకు ఆధారం. ఇరుసు మీద బరువు రెండింతలైతే రోడ్డుకు నష్టం రెండింతలు కాదు.. దాదాపు 16 రెట్లు. అంటే బరువు పెరిగిన నిష్పత్తిని నాలుగుసార్లు గుణించాలన్న మాట.

దీన్ని మన 10 టైర్ల టిప్పర్‌కు వేసి చూద్దాం. పరిమితి 28 టన్నులు. ఖాళీ బండి 11 టన్నులు అనుకుంటే, వేయాల్సిన సరుకు 17 టన్నులు. దాని మీద ఇంకో 8 టన్నులు కంకర పోశారనుకోండి. మొత్తం 36 టన్నులు. అందులో 28 టన్నులు వెనక జంట ఇరుసు మీదే పడ్డాయనుకుందాం. 21 ఉండాల్సిన చోట 28. అంటే మూడో వంతు ఎక్కువ. ఇదే నిష్పత్తిని నాలుగుసార్లు గుణిస్తే మూడు దాటుతుంది. ఆ టిప్పర్ ఒక్కసారి వెళ్తే, రూల్ ప్రకారం లోడు వేసుకున్న మూడు టిప్పర్లు వెళ్లినంత దెబ్బ.

"ఎక్కువ లోడు వేస్తే ట్రిప్పులు తగ్గుతాయి కదా, రోడ్డుకు మంచిదే కదా" అనే వాదన ఒకటి తరచూ వినిపిస్తుంది. లెక్క చూస్తే అది నిలబడదు. సరుకు ఒకటిన్నర రెట్లు వెళ్లింది. దెబ్బ మూడు రెట్లు పడింది. టన్ను సరుకుకు రోడ్డు కట్టిన మూల్యం రెండింతలు దాటింది.

ఇది జాతీయ రహదారికి సంబంధించిన కథ మాత్రమే అయితే కొంత నయం. ఆరు వరసల హైవేను భారీ బండ్లను దృష్టిలో పెట్టుకునే కడతారు. కానీ లోడు హైవే మీద పుట్టదు, హైవే మీద దిగదు. క్వారీ దగ్గరో, ఇసుక రీచ్ దగ్గరో పుట్టి, ఊరి రోడ్డు మీదుగా వచ్చి, మళ్లీ ఏదో ఊరి రోడ్డులోకే దిగుతుంది. మంగళగిరి నుంచి పెదవడ్లపూడి, దుగ్గిరాల మీదుగా తెనాలి వెళ్లే దారి కానీ, డెల్టాలో కాలువ గట్ల వెంట ఉన్న రోడ్లు కానీ ఈ బరువుల కోసం వేసినవి కావు. పైగా కింద చాలాచోట్ల నల్లరేగడి. వానొస్తే ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. అలాంటి నేల మీద పల్చటి తారు రోడ్డు, దాని మీద 36 టన్నుల టిప్పర్. రోడ్డు వేసిన రెండో వానాకాలానికే గుంతలు పడ్డాయంటే తప్పంతా కాంట్రాక్టర్ మీదకో, వాన మీదకో నెట్టేయడం తేలిక. ఆ దారిన ఏ బరువులు తిరిగాయో కూడా చూడాలి కదా?

చూడ్డానికి భయంకరం.. రోడ్డుకు మాత్రం నయం

ఎప్పుడైనా హైవే మీద పెద్ద ట్రాన్స్‌ఫార్మర్‌నో, బాయిలర్‌నో మోసుకెళ్లే హైడ్రాలిక్ ట్రైలర్ చూశారా? లెక్కపెట్టలేనన్ని టైర్లు, ముందొక పైలట్ బండి, నడిచినంత స్పీడు. చూడగానే "రోడ్డు నాశనం" అనిపిస్తుంది. నిజానికి రూల్ ప్రకారం వెళ్తే టైరు లెక్కన అదే తేలిక. హైడ్రాలిక్ ట్రైలర్‌లో నాలుగు టైర్ల ఇరుసుకు 9 టన్నులే పరిమితి. టైరుకు రెండుంపావు టన్నులు. మామూలు లారీ ఒంటి ఇరుసుకు 11.5 టన్నులు, అంటే టైరుకు దాదాపు 2.9 టన్నులు. అదే ఇరుసు మీద 15 టన్నులు పోస్తే టైరుకు 3.75 టన్నులు.

వంతెనల దగ్గర మాత్రం కథ వేరు. అక్కడ ఒక్కో ఇరుసు బరువుతో పాటు, ఒకేసారి వంతెన మీద ఎంత బరువు నిలబడిందన్నది కూడా ముఖ్యం. అందుకే ఇలాంటి భారీ ట్రైలర్లకు ముందస్తు అనుమతి తప్పనిసరి. 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ మీదకు భారీ వాహనాలను అనుమతించకపోవడం బెజవాడ, తాడేపల్లి వాళ్లకు తెలిసిందే. అనుమతి తీసుకుని, పగలు రాత్రి చూసుకుని, మెల్లగా వెళ్లే వంద టైర్ల ట్రైలర్ అందరి కంట్లో పడుతుంది. ఏ అనుమతీ లేకుండా రోజుకు నాలుగు ట్రిప్పులు తిరిగే 10 టైర్ల టిప్పర్ ఎవరి కంట్లోనూ పడదు.

ఫైన్ భారీగానే ఉంది.. మరి భయం ఎందుకు లేదు?

2019 సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన మోటారు వాహనాల సవరణ చట్టం ఓవర్‌లోడ్ ఫైన్‌ను ఒక్కసారిగా పెంచేసింది. అంతకుముందు 2 వేలు, ఆపైన టన్నుకు వెయ్యి ఉండేది. ఇప్పుడు 20 వేలు, ఎక్కువైన ప్రతి టన్నుకూ మరో 2 వేలు. బరువు తూచడానికి బండి ఆపకుండా పోతే 40 వేలు. ఎక్కువైన సరుకును దించేదాకా బండి కదలకూడదు. ఫైన్ కట్టించుకుని లోడుతో పంపేయడం కుదరదని సుప్రీంకోర్టు 2005లోనే పరమ్‌జిత్ భాసిన్ కేసులో తేల్చి చెప్పింది.

మన టిప్పర్‌కు 8 టన్నులు ఎక్కువ. ఫైన్ 20 వేలు, దానికి 16 వేలు కలిపి 36 వేలు. వినడానికి పెద్ద మొత్తమే. ఇప్పుడు అవతలి లెక్క చూద్దాం. ఉదాహరణకు కిరాయి టన్నుకు 500 రూపాయలు అనుకుందాం. 8 టన్నులు ఎక్కువ వేస్తే ట్రిప్పుకు 4 వేలు అదనం. అంటే తొమ్మిది ట్రిప్పులతో ఫైన్ డబ్బులు వచ్చేస్తాయి. పదో ట్రిప్పు నుంచి మిగులే. రోజుకు రెండు ట్రిప్పులు తిరిగే బండి ఐదు రోజులకొకసారి పట్టుబడితే తప్ప ఓవర్‌లోడ్ నష్టం అనిపించదు. డీజిల్, టైర్లు, విరిగే కమాను పట్టీల ఖర్చు కలిపితే మిగులు కొంచెం తగ్గుతుంది, అంతే. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఒకే బండిని ఐదు రోజులకోసారి ఆపి తూచడం జరిగే పనేనా?

అంటే ఇక్కడ ఫైన్ ఎంత అన్నదాని కన్నా, పట్టుబడే ఛాన్స్ ఎంత అన్నదే అసలు ప్రశ్న. ఫైన్‌ను 36 వేల నుంచి 72 వేలు చేసినా, నెలకోసారి కూడా కాటా ఎక్కని బండికి దానితో పనిలేదు. పైగా ఫైన్ పెరిగే కొద్దీ, దాన్ని తప్పించుకోవడానికి మధ్యలో చేతులు మారే డబ్బుకు కూడా గిరాకీ పెరుగుతుంది.

లాభం ఎవరి జేబులోకి?

లారీ ఓనర్ బాగుపడుతున్నాడా అంటే అదీ లేదు. ఇది ఈ కథలో ఎక్కువమంది పట్టించుకోని భాగం. మొదట ఒకరిద్దరే ఓవర్‌లోడ్ వేసినప్పుడు ఆ అదనం వాళ్లకే మిగులుతుంది. అందరూ అదే పని మొదలుపెట్టాక సరుకు యజమాని టన్ను రేటు తగ్గిస్తాడు. "పాతిక టన్నులు వేస్తున్నావుగా, ఈ రేటుకు గిట్టుబాటు అవుతుందిలే" అంటాడు. అప్పటి నుంచి 17 టన్నులే వేసుకునే బండికి డీజిల్ ఖర్చులు కూడా రావు. రూల్ పాటించేవాడికి ఈఎంఐ కట్టే దారి మూసుకుపోతుంది.

2018లో పరిమితి పెంచినప్పుడు జరిగింది కూడా ఇలాంటిదే. బండ్ల మోసే శక్తి పెరుగుతుంది, రవాణా ఖర్చు తగ్గుతుందని కేంద్రం చెప్పింది. సరిగ్గా అదే వారం, జులై 20 నుంచి ఆలిండియా మోటార్ ట్రాన్స్‌పోర్ట్ కాంగ్రెస్ పిలుపుతో దేశమంతా లారీల సమ్మె. ఉన్న బండ్లే ఎక్కువ సరుకు మోయగలిగితే కొత్త బండ్ల అవసరం ఏముంటుంది? ఆ మరుసటి ఏడాది లారీల అమ్మకాలు పడిపోవడానికి ఈ పెంపు కూడా ఒక కారణమని ఆటో రంగం చెప్పింది. బాడీ బిల్డింగ్, రిపేర్ల మీద వేల కుటుంబాలు బతికే విజయవాడ ఆటోనగర్ లాంటి చోట అమ్మకాలు తగ్గడమంటే పని తగ్గడమే.

రోడ్డు వైపు నుంచి చూస్తే, పరిమితి పెంపే ఒక పెద్ద భారం. ఒంటి ఇరుసుకు 10.2 నుంచి 11.5 అంటే 13 శాతం పెంపులా కనిపిస్తుంది. నాలుగుసార్లు గుణిస్తే నష్టం 60 శాతం పెరిగినట్టు. అది చట్టబద్ధంగా వెళ్లే బండి లెక్క. దాని మీద మళ్లీ ఓవర్‌లోడ్.

మన పరిమితి తక్కువేం కాదు

"రూల్స్ మరీ టైట్‌గా ఉన్నాయి, అందుకే పాటించట్లేదు" అనేది ఇంకో వాదన. ఇందులో నిజం ఎంత? అమెరికా జాతీయ రహదారుల మీద ఒంటి ఇరుసుకు దాదాపు 9 టన్నులు, జంట ఇరుసుకు 15.4 టన్నులు, మొత్తం బండికి 36 టన్నుల పైచిలుకు. యూరప్‌లో దేశాల మధ్య తిరిగే లారీలకు సాధారణ పరిమితి 40 టన్నులు, ఇంజిన్ తిప్పే ఒంటి ఇరుసుకు 11.5 టన్నులు. మన దగ్గర ఒంటి ఇరుసుకు అదే 11.5. జంట ఇరుసుకు 21. ట్రైలర్‌కు 55. కాబట్టి మన పరిమితి ప్రపంచంతో పోలిస్తే గట్టిగా ఏమీ లేదు. ఇంకా చెప్పాలంటే ఉదారంగానే ఉంది.

తేడా ఎక్కడుందంటే బాధ్యత ఎవరిదన్న దగ్గర. ఆస్ట్రేలియాలో ఓవర్‌లోడ్ బండి దొరికితే డ్రైవర్, ఓనర్‌తోనే ఆగరు. సరుకు పంపినవాళ్లు, లోడ్ చేసినవాళ్లు కూడా జవాబు చెప్పాలి. బాధ్యతల గొలుసు అని దీన్ని చట్టంలోనే పెట్టారు. మన చట్టంలోని 113వ సెక్షన్ ఓనర్ దాకా వెళ్తుంది. డ్రైవర్ వేరు, ఓనర్ వేరు అయినప్పుడు ఓనర్‌కు తెలిసే జరిగిందని కోర్టు భావించవచ్చని చెబుతుంది. 194వ సెక్షన్‌లో బండి నడిపినవాళ్లతో పాటు నడిపించినవాళ్లు, నడవనిచ్చినవాళ్లు అనే మాట కూడా ఉంది. కానీ రోడ్డు మీద కాగితం రాసేటప్పుడు ఎదురుగా ఉండేది డ్రైవర్ ఒక్కడే. పొక్లెయిన్‌తో రెండు బకెట్లు ఎక్కువ పోసిన క్వారీ, ఎక్కువ పోయమన్న సైటు ఆ కాగితంలో కనిపించవు.

రోడ్డు మీద పట్టుకుంటే అప్పటికే ఆలస్యం

2025 నవంబర్ 3న తెలంగాణలో చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో కంకర టిప్పర్, ఆర్టీసీ బస్సు ఢీకొన్న ప్రమాదం ఎవరూ మర్చిపోలేదు. కంకర బస్సులోకి కుమ్మరించుకుపోయి ప్రయాణికులు దాని కింద కూరుకుపోయారు. కనీసం 19 మంది ప్రాణాలు పోయాయి. లోడు బండి అదుపు తప్పితే, సరుకే మనుషులను ఎలా మింగేస్తుందో ఆ రోజు అందరూ చూశారు.

బరువు పెరిగితే బ్రేకుల మీద భారం కూడా అంతే పెరుగుతుంది. 28 టన్నుల బండి, 36 టన్నుల బండి ఒకే స్పీడులో ఉంటే రెండో దాన్ని ఆపడానికి బ్రేకులు దాదాపు 29 శాతం ఎక్కువ శక్తిని మింగాలి. టైర్లు వేడెక్కుతాయి. మలుపులో బండి ఒరుగుతుంది. మంగళగిరి, తాడేపల్లి మధ్య కాలేజీకి, డ్యూటీకి బైక్ మీద వెళ్లేవాళ్లు రోజూ ఈ బండ్ల పక్కనే వెళ్లాలి.

ఇక చెకింగ్ సంగతి. 114వ సెక్షన్ ప్రకారం అనుమానం వస్తే అధికారి బండిని కాటాకు తీసుకెళ్లమనొచ్చు. కానీ ఆ కాటా వెళ్లే దారిలో 10 కిలోమీటర్ల లోపో, చేరాల్సిన ఊరికి 20 కిలోమీటర్ల లోపో ఉండాలి. తూచి, ఎక్కువ ఉందని తేలితే సరుకు దించాలి. రాత్రి రెండు గంటలకు ఎన్‌హెచ్-16 పక్కన 8 టన్నుల కంకర ఎక్కడ దించుతారు? ఎవరు దించుతారు? ఏ ప్రొక్లెయిన్ వస్తుంది? అందుకే రూల్ పుస్తకంలోనే ఉండి, బండి ఫైన్ రసీదుతో ముందుకు పోయే ప్రమాదం ఉంది. మిగతా దారంతా ఆ ఓవర్‌లోడ్ రోడ్డు మీదే.

మరి దారేంటి?

లోడు పుట్టే చోటే ఆపడం. ఇది ఆకాశం నుంచి ఊడిపడాల్సిన టెక్నాలజీ కాదు. పరిటాల, దొనబండ, పేరేచర్ల లాంటి చోట్ల క్వారీలు, క్రషర్లు ఎక్కడున్నాయో అందరికీ తెలుసు. ఇసుక రీచ్‌లు, థర్మల్ ప్లాంట్ గేట్లు లెక్కపెట్టేన్నే. సరుకుకు గనుల శాఖ ఇచ్చే పర్మిట్‌లో టన్నులు ఉంటాయి. బండి ఎంత మోయాలో ఆర్సీలో ఉంటుంది. రవాణా శాఖ కంప్యూటర్‌లో బండి నంబర్ కొడితే అది కనిపిస్తుంది. ఈ రెండు అంకెలనూ గేటు దగ్గరే పక్కపక్కన పెట్టి, ఎక్కువైతే పర్మిట్ రాకుండా చేస్తే 36 టన్నుల టిప్పర్ రోడ్డు ఎక్కదు. దించాల్సిన 8 టన్నులు అక్కడే, గుట్ట పక్కనే ఉంటాయి.

రెండోది, కాటా రసీదులో మొత్తం బరువుతో పాటు ఇరుసు బరువులు కూడా రావాలి. నడుస్తున్న బండిని ఇరుసుల వారీగా తూచే యంత్రాలు ఉన్నాయి. టోల్‌ప్లాజా లేన్లలో వాటి అవసరం ఎక్కువ. కాజ లాంటి చోట రోజూ ఎన్ని బండ్లు పరిమితి దాటి వెళ్తున్నాయో బయటపెడితే, ఏ క్వారీ, ఏ ప్రాజెక్టు బండ్లు ఎక్కువ దాటుతున్నాయో జనానికే తెలుస్తుంది.

మూడోది ప్రభుత్వ పనులు. కంకర కొనేవాళ్లలో అతి పెద్ద గిరాకీ సర్కారు ప్రాజెక్టులదే. సైటుకు వచ్చిన ఓవర్‌లోడ్ బండికి బిల్లు పాస్ చేయబోమని కాంట్రాక్టులో ఒక్క లైను రాస్తే, వెయ్యి తనిఖీలు చేయలేని పని అది చేస్తుంది. కిరాయి కూడా దారిలోకి వస్తుంది. ఎవరూ 25 టన్నులు వేయలేనప్పుడు 17 టన్నులకు గిట్టుబాటయ్యే రేటే మార్కెట్‌లో నిలుస్తుంది.

ఇందులో ఖర్చు లేదా అంటే ఉంది. టన్ను కంకర రేటు కొంత పెరుగుతుంది. ఇల్లు కట్టుకునేవాళ్లకు అది తగులుతుంది. కానీ ఆ ఖర్చు ఇప్పుడు లేదనుకుంటే పొరపాటు. ఏటా గుంతలు పూడ్చే బిల్లుగా, విరిగిన బైక్ షాకర్లుగా, ఆసుపత్రి ఖర్చుగా అది ఇప్పటికే జనం జేబుల్లోంచి పోతోంది. కాకపోతే దానికి రసీదు లేదు.

కొత్త రాజధాని కోసం వేసే ప్రతి కిలోమీటరు రోడ్డుకూ కంకర పాత రోడ్ల మీదుగానే వస్తోంది. ఒక రోడ్డు కట్టడానికి ఇంకో రోడ్డును పోగొట్టుకోవాలా అన్నదే ఇప్పుడు మంగళగిరి ముందున్న ప్రశ్న. జవాబు టోల్‌గేటు దగ్గర దొరకదు. పొక్లెయిన్ బకెట్ దగ్గరే ఉంది.